కోనసీమలో ఒక శాఖా గ్రంథాలయం: డిజిటల్ విభాగం పనితీరుపై సమీక్ష

కోనసీమలోని ఒక మండల కేంద్రంలో ఉన్న శాఖా గ్రంథాలయానికి ప్రభుత్వ గ్రాంటుతో డిజిటల్ విభాగం ఏర్పడి కొంతకాలమైంది. దానిని నేను పాఠకుడిగానూ, పిల్లలను వెంటబెట్టుకొని వెళ్లే పెద్దవాడిగానూ క్రమం తప్పకుండా వాడుతున్నాను. ఉన్నంతలో ఇది చాలా మంచి సేవ అని, చుట్టుపక్కల లంక గ్రామాలవారికి ఇంతకంటే అక్కరకొచ్చే సదుపాయం ఆ ఊళ్లో మరొకటి లేదని నా అభిప్రాయం. అయితే గ్రాంటు యంత్రాలు కొనేంతవరకే వచ్చి, వాటిని నడిపే ఖర్చు దగ్గర ఆగిపోవడం వల్ల ఏడాదిలో కొన్ని నెలలపాటు ఆ సేవ సగమే అందుతోంది.

ముందుగా అక్కడ ఏమున్నదో చెప్పాలి. దినపత్రికలు చదివే హాలును ఆనుకొని ఉన్న చిన్న గదిలో నాలుగు కంప్యూటర్లు, స్కానర్ కలిసి ఉన్న ఒక ప్రింటర్, ఒక యూపీఎస్ ఉన్నాయి. హాలంతటికీ వైఫై అందుతుంది. వేళలు మిగిలిన శాఖా గ్రంథాలయాల్లాగే ఉదయం 8 నుంచి 11 వరకు, సాయంత్రం 4 నుంచి 7 వరకు, శుక్రవారం సెలవు. రిజిస్టరులో పేరు, వచ్చిన వేళ రాసి సంతకం పెడితే చాలు, కంప్యూటర్ వాడుకున్నందుకు రుసుము లేదు. ప్రింటుకు మాత్రం కాగితం ఖర్చు తీసుకుంటారు. రద్దీ ఉన్నప్పుడు ఒక్కొక్కరికి అరగంట చొప్పున కేటాయిస్తారు. ఈ నియమాన్ని ఎవరి మొహం చూసీ సడలించకపోవడం నాకు బాగా నచ్చిన సంగతి.

ఈ విభాగం విలువ తెలియాలంటే పోటీ పరీక్షల ప్రకటనలు వెలువడిన వారంలో ఒకసారి వెళ్లి చూడాలి. డీఎస్సీ దరఖాస్తుల రోజుల్లో పంటు మీద గోదావరి దాటి వచ్చిన ఒక అమ్మాయి మూడో నంబరు కంప్యూటర్ ముందు కూర్చొని, ఫోటో ఇన్ని కేబీలు మించకూడదన్న నిబంధన దగ్గర ఆగిపోయింది. ఫోన్‌లో తీసిన ఫోటో ఎన్నిసార్లు పెట్టినా తెర మీద ఎర్ర అక్షరాలే వస్తున్నాయి. లైబ్రేరియన్ గారు కుర్చీ పక్కకు జరుపుకొని, ఆ ఫోటోను పెయింట్‌లో తెరిచి, కొలత తగ్గించి, వేరే పేరుతో భద్రపరచి, మళ్లీ పెట్టించారు. సంతకాన్ని తెల్ల కాగితం మీద నల్ల సిరాతో చేయించి స్కాన్ చేశారు. "అయిపోయినట్టేనమ్మా, ముందు ఆ నంబరు రాసుకో" అంటే, "ఆయ్, రాసుకున్నానండి" అంటూ ఆమె అరచేతిలో రాసుకున్న అంకెలు చూపింది. ఇదే పని నెట్ సెంటర్‌లో చేయించుకుంటే అయ్యే ఖర్చు ఒకటైతే, అక్కడి మనిషి తొందరలో పుట్టిన తేదీ తప్పు కొట్టి పంపితే దిద్దుకోవడానికి పడే యాతన మరొకటి. గ్రంథాలయంలో దరఖాస్తుదారు తన దరఖాస్తును తానే నింపుకుంటుంది, పక్కన తెలిసినవారు ఉండి చూపిస్తారు. ఈ తేడా చిన్నది కాదు.

ఉద్యోగార్థులకే కాక రైతులకూ, పెద్దలకూ ఆ గదితో పని ఉంది. భూమి రికార్డుల వెబ్‌సైటు మీభూమిలో అడంగల్, 1బి పత్రాలు చూసుకొని ప్రింటు తీసుకునేవారు వ్యవసాయ రుణాల కాలంలో వరుస కడతారు. సాయంత్రం వేళ రిటైరైన ఉపాధ్యాయులు కొందరు ఐఐటీ ఖరగ్‌పూర్ నిర్వహిస్తున్న జాతీయ డిజిటల్ గ్రంథాలయంలో పుస్తకాలు వెతుకుతారు. నమోదు ఉచితమన్న విషయం, తెలుగు పుస్తకాలు కూడా అందులో దొరుకుతాయన్న విషయం చాలామందికి తెలియదు కనుక, ఆ రెండు ముక్కలూ కాగితం మీద రాసి గోడకు అంటించిన సిబ్బందిని మెచ్చుకోవాలి. రాజమహేంద్రవరంలోని గౌతమీ గ్రంథాలయం పాత పుస్తకాలకు, తాళపత్రాలకు పేరుపొందింది. అక్కడి దాకా వెళ్లి వెతికే ఓపిక, ఖర్చు లేనివారికి డిజిటల్ రూపంలో దొరికే పాత పుస్తకాలు పెద్ద ఆసరా.

గ్రంథాలయం ప్రజల సొంత అవసరమన్న భావన ఈ నేలకు కొత్తది కాదు. గ్రంథాలయోద్యమ పితామహుడిగా పేరుపొందిన అయ్యంకి వెంకటరమణయ్య 1890లో తూర్పు గోదావరి జిల్లా కొంకుదురులో జన్మించారు. ఆయన కృషితో 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. పక్కనున్న కృష్ణా డెల్టాలో పాతూరి నాగభూషణం 1935లో పెదవడ్లపూడి, కొల్లూరుల మధ్య కాలువలో పడవ మీద గ్రంథాలయం నడిపారు. పుస్తకం మనిషి దగ్గరకు వెళ్లాలని వారు అప్పుడు కాలువను వాడుకుంటే, ఇప్పుడు అదే పనికి ఫైబర్ కేబుల్‌ను వాడుకోవాల్సిన వంతు మనది. ఆనాడు చందాలతో నడిచిన గ్రంథాలయాలకు తరువాత చట్టం తోడైంది. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం జిల్లా గ్రంథాలయ సంస్థలు ఏర్పడ్డాయి, ఆస్తి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను వాటికి ఆధారమైంది. ఇంటి పన్ను కట్టే ప్రతి కుటుంబమూ ఈ సేవకు ముందే డబ్బు చెల్లించిందన్న మాట. స్థానిక సంస్థలు వసూలు చేసిన ఈ సొమ్ము సకాలంలో గ్రంథాలయాలకు చేరక బకాయిలు పేరుకుపోతుంటాయి. కొత్త సాంకేతికతకు ఇతర గ్రాంట్ల కోసం ఎదురుచూడవలసి రావడానికి ఇదీ ఒక కారణం.

ఆ గ్రాంట్ల సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఈ గదిలోని మంచీ చెడూ రెండూ అక్కడినుంచే వచ్చాయి. కేంద్ర సాంస్కృతిక శాఖ కింద 1972లో కోల్‌కతా కేంద్రంగా ఏర్పడిన రాజా రామ్మోహన్ రాయ్ గ్రంథాలయ ప్రతిష్ఠానం, రాష్ట్రం తన వాటా పెడితే దానికి జోడించి ఇచ్చే పథకాల కింద, వాటాతో నిమిత్తం లేని పథకాల కింద ప్రజా గ్రంథాలయాలకు పుస్తకాలు, భవనాలు, సామగ్రి, కంప్యూటర్ల కోసం సాయం చేస్తుంది. 2014లో ప్రారంభమైన జాతీయ గ్రంథాలయ మిషన్ ప్రతి రాష్ట్రంలో ఒక రాష్ట్ర కేంద్ర గ్రంథాలయాన్ని, ఒక జిల్లా గ్రంథాలయాన్ని ఆదర్శంగా తీర్చిదిద్దాలని, 629 జిల్లా గ్రంథాలయాలకు నెట్ అనుసంధానం కల్పించాలని తలపెట్టింది. ఇవి రెండూ మంచి పనులే. కానీ ఒకటి ప్రధానంగా ఒక్కసారి కొనే వస్తువుల మీద దృష్టి పెడుతుంది, రెండోదాని నెట్ లక్ష్యం జిల్లా స్థాయిలో ఆగింది. మండల కేంద్రంలోని శాఖా గ్రంథాలయానికి నెలనెలా వచ్చే నెట్ బిల్లు, కరెంటు బిల్లు, మూడేళ్లకోసారి మార్చాల్సిన బ్యాటరీలు, ప్రింటర్ ఇంకు ఎవరి ఖాతాలోకి వస్తాయో స్పష్టత లేదు. చేలోకి ఇంజను కొనిచ్చి డీజిలు సంగతి మరిచిపోయినట్టుంది ఈ ఏర్పాటు.

ఇదే చిక్కును అమెరికా మరో దారిలో తీర్చుకుంది. అక్కడ 1996 నాటి టెలికమ్యూనికేషన్ల చట్టం ఆధారంగా మొదలైన ఈ-రేట్ పథకం కింద పాఠశాలలకు, గ్రంథాలయాలకు ఇంటర్నెట్ ఖర్చులో 20 నుంచి 90 శాతం వరకు రాయితీ లభిస్తుంది. ప్రాంతం ఎంత పేదదైతే రాయితీ అంత ఎక్కువ, గ్రామీణ ప్రాంతమైతే మరికొంత మొగ్గు చూపుతారు. దానికి కావలసిన సొమ్ము టెలికం సంస్థల నుంచి వసూలయ్యే నిధి నుంచి వస్తుంది. అటువంటి నిధి మనకూ ఉంది. టెలికం సంస్థల ఆదాయంలో 5 శాతం సుంకంతో పోగైన సార్వత్రిక సేవా బాధ్యత నిధి, 2023 నాటి టెలికమ్యూనికేషన్ల చట్టంతో డిజిటల్ భారత్ నిధిగా మారింది. పంచాయతీలకు ఫైబర్ వేసే భారత్‌నెట్ ఆ సొమ్ముతోనే నడుస్తోంది. పంచాయతీ కార్యాలయం దాకా వచ్చిన తీగను గ్రంథాలయం గదిలోకి తీసుకొచ్చి, నెల బిల్లును కూడా అందులోంచే భరించడం అసాధ్యమైన కోరిక కాదని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఇక లోపాలు. డెల్టాలో యంత్రాలకు గాలే మొదటి శత్రువు. సముద్రం దగ్గర కావడంతో ఉప్పుగాలికి ప్లగ్గుల్లో తుప్పు పడుతుంది, వర్షాకాలమంతా గదిలో చెమ్మ ఉంటుంది. కిటికీ పక్కనున్న కంప్యూటర్ యూఎస్‌బీ రంధ్రాలు రెండు పచ్చగా చిలుము పట్టి పనిచేయడం మానేశాయి. కేబుల్ కరెంటు స్తంభాల మీదుగా వస్తుంది కనుక, గాలివానకు ఒక కొబ్బరి మట్ట పడినా నెట్ పోతుంది. జూలై, ఆగస్టుల్లో గోదావరి వరద, అక్టోబరు, నవంబరుల్లో తుపాన్లు. పరీక్షల గడువులకు ఈ సంగతి తెలియదు కదా. యూపీఎస్ బ్యాటరీలు నీరసించి కరెంటు పోయిన రెండు నిమిషాల్లోనే కూతపెట్టి ఆగిపోతున్నాయి, సగం నింపిన దరఖాస్తు అక్కడితో సరి. ఒకసారి బిల్లు కట్టడంలో జాప్యం వల్ల కనెక్షన్ వారాల తరబడి ఆగింది. ఆ రోజుల్లో లైబ్రేరియన్ గారు తన సొంత ఫోన్ హాట్‌స్పాట్‌తో పిల్లల హాల్ టికెట్లు తీసిచ్చారు. ఆయన మంచితనానికి నమస్కారం. కానీ ఒక ప్రభుత్వ సేవ ఉద్యోగి సొంత డేటా మీద నడవడం ఎంతమాత్రమూ తగదు.

సిబ్బంది కొరత మరో పెద్ద లోటు. పుస్తకాలు ఇచ్చేదీ, పత్రికలు సర్దేదీ, దరఖాస్తు నింపడం నేర్పేదీ ఆ ఒక్కరే. ఆయన సమావేశానికి వెళ్లిన రోజున గది తాళం తీయరు.

పుస్తకాల సూచికను కంప్యూటర్లో ఎక్కించే పని మొదలైంది గానీ, తెలుగు పుస్తకాల పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లో ఒక్కో పుస్తకాన్ని ఒక్కో తీరుగా రాయడంతో వెతికినది దొరకదు. జాతీయ సమాచార కేంద్రం రూపొందించిన ఈ-గ్రంథాలయ సాఫ్ట్‌వేర్ గానీ, ఉచితంగా లభించే కోహా గానీ తెలుగు లిపిని చక్కగా స్వీకరిస్తాయి. కాబట్టి ఈ లోపం దిద్దడానికి గ్రాంటు అక్కరలేదు, కొన్ని వారాల టైపింగ్ చాలు. చూపులేని పాఠకుల కోసం ఎన్‌వీడీఏ అనే ఉచిత తెరపఠన సాఫ్ట్‌వేర్ ఒక్క కంప్యూటర్లోనైనా వేసి, ఒక హెడ్‌ఫోన్ ఉంచితే, ఇప్పటిదాకా గడప దగ్గరే ఆగిపోయినవారు లోపలికి వస్తారు. అది తెలుగులో కూడా చదివి వినిపిస్తుంది.

అన్నిటికంటే తొందరగా సరిచేయాల్సింది భద్రత. డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తెరిస్తే ఎవరెవరివో ఆధార్ ప్రతులు, మార్కుల జాబితాలు, బ్యాంకు పాసు పుస్తకం మొదటి పేజీలు కనిపిస్తున్నాయి. మెయిల్ మూయకుండా లేచిపోయేవారూ ఉన్నారు. రోజూ మూసేవేళ వాటిని తుడిచేస్తున్నామని సిబ్బంది చెప్పారు. అయితే ఉదయం వచ్చినవారి కాగితాలు రాత్రి 7 వరకూ అందరికీ తెరిచి ఉన్నట్టే లెక్క. అతిథి ఖాతా పెట్టి, లాగవుట్ కాగానే అన్నీ చెరిగిపోయేలా అమర్చడానికి పైసా ఖర్చు లేదు. ఇది ఎందుకు ఆలస్యమవుతోందో నాకు అర్థం కాదు.

ఇన్ని చెప్పినా, ఫోన్ ఉంటే గ్రంథాలయం దేనికి అనేవారితో నేను ఏకీభవించను. చిన్న తెర మీద నాలుగు పేజీల దరఖాస్తు నింపడం, నమూనా పరీక్ష రాయడం, అడంగల్ చదవడం ఎంత కష్టమో ఆ పని చేసినవారికి తెలుసు. అన్నదమ్ములిద్దరికీ కలిపి ఒకే ఫోన్ ఉన్న ఇళ్లు లంకల్లో ఇప్పటికీ ఉన్నాయి. డిగ్రీ పూర్తిచేసి పరీక్షలకు సిద్ధమవుతున్నవారికి, భూమి కాగితాల పని ఉన్న రైతులకు, పాత తెలుగు పుస్తకాల మీద ప్రేమ ఉన్నవారికి ఈ విభాగాన్ని తప్పక సూచిస్తాను. గంటల తరబడి వీడియో పాఠాలు చూడాలనుకునేవారికి మాత్రం ఇక్కడి వేగం, అరగంట నియమం సరిపడవు.

తరువాతి విడత గ్రాంటు కోసం ప్రతిపాదన పంపుతున్నట్టు విన్నాను. అందులో ఐదో కంప్యూటర్ అడగకుండా ఉన్న నాలుగింటిని నిలబెట్టే యూపీఎస్‌కు కొత్త బ్యాటరీలు, మూడేళ్ల నెట్ చందా ముందుగా కట్టే సొమ్ము, సాయంత్రం పూట కూర్చునే ఒక సహాయకుడి జీతం అడగాలని పాఠకులం కొందరం కలిసి సంతకాలతో వినతి ఇచ్చాం.

వెళ్లదలచినవారు సోమవారం ఉదయం రద్దీని తప్పించుకొని వారం మధ్యలో 8 గంటలకే వెళ్తే కంప్యూటర్ వెంటనే దొరుకుతుంది. ఆధార్ ప్రతి, ఫోటో, సంతకం స్కాన్లు సొంత పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోవాలి, పని కాగానే డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లోనూ, రీసైకిల్ బిన్‌లోనూ తమ కాగితాలు తుడిచేసి రావాలి. దరఖాస్తు గడువు చివరిరోజు దాకా ఆగవద్దు, ముఖ్యంగా వానాకాలంలో.