లాడ్జీలకు బుకింగ్ యాప్ చేసిచ్చే తిరుపతి సర్వీసు: 5కి 3.5

వాడేవాళ్ళిప్పుడు ఏ యాప్‌నైనా ఫోన్‌పేతోనే పోలుస్తారు. అందుకే స్క్రీన్లు కట్టిచ్చి చేతులు దులుపుకుంటే డెవలపర్ పని అయిపోదు. వీళ్ళ ఒప్పందంలో లాడ్జి కౌంటర్ దగ్గర ఒక పూట కూర్చుని గమనించడం కూడా ఉంది. మెచ్చుకోవాల్సిందే.

డబ్బుల భాగం గట్టిగా రాశారు. యూపీఐలో డబ్బు కట్టయ్యాక నెట్ పోతే చాలా యాప్‌లు ‘ఫెయిల్’ అంటాయి, భక్తులు మళ్ళీ కడతారు. ఇక్కడ ఫోన్ మాట నమ్మరు. పేమెంట్ గేట్‌వే (డబ్బు వసూలు చేసిపెట్టే మధ్య సంస్థ) నుంచి యాప్ సర్వర్‌కు నేరుగా కబురొచ్చాకే గది ఖాయం. ఆ కబురు రెండుసార్లొచ్చినా ఆర్డర్ నంబరు ఒకటే కాబట్టి ఒక్క బుకింగే పడుతుంది.

తేలిపోయింది ఎస్సెమ్మెస్‌లో. ఒక్క మెసేజ్‌లో ఇంగ్లిష్‌కు 160 క్యారెక్టర్లు పడితే తెలుగుకు 70 మాత్రమే, గుణింతాలూ ఒత్తులూ విడిగా లెక్క. చిరునామా అంతా కుక్కడంతో ఒక్కో బుకింగ్‌కు మూడు మెసేజ్‌ల ఖర్చు. గది నంబరు, ఒక లింకు చాలు. (కౌంటర్ దగ్గర కూర్చున్న ఆ పూట ఇదెలా కనబడలేదో!)

మొదటి పేజీ ఫొటోలు బరువు. ప్రధానమైన బొమ్మ 2.5 సెకన్లలో కనబడాలన్నది గూగుల్ కొలత; వెబ్‌పీ అనే తక్కువ సైజు ఫొటో ఫార్మాట్‌లోకి మారిస్తే చాలావరకు తేలికవుతుంది.

సంతకం పెట్టేముందు డొమైన్ (వెబ్ చిరునామా), సోర్స్ కోడ్ (యాప్ కోసం రాసిన ప్రోగ్రామ్) లాడ్జి పేరు మీదే ఉండేలా రాయించుకోండి.