సెకండ్ హ్యాండ్ రోడ్ బైక్ కొంటున్నారా? సీటు కదపనివ్వకపోతే కొనొద్దు (వైజాగ్)

యాప్‌లో నీలం రంగు రోడ్ బైక్ (సన్న టైర్ల సైకిల్) అమ్మకానికి పెట్టిన ఆయన, అదే, బీచ్ రోడ్డు పక్క అపార్ట్‌మెంట్ ఆయన, మీలో చాలామందికి తెలిసే ఉంటాడు. ఇప్పుడు ఇంకో బండి పెట్టాడు. అడ్వాన్స్ పంపేముందు ఇది చదవండి. నలభై దాటాక సైక్లింగ్ మొదలుపెడదామనుకున్న మా బావకి 28 వేలకి పనికిరాని బండి అంటగట్టాడు.

చూడ్డానికి వెళ్లినప్పుడు బావ సీటు కొంచెం దించమన్నాడు. "అక్కర్లేదండీ, మీ హైట్‌కి ముందే సెట్ చేసి ఉంచాను" అన్నాడట. ఎంతో మర్యాదగా, పక్కనే అల్లెన్ కీ (బోల్టులు విప్పే ఆరు పలకల కీ) పెట్టుకుని! ఆ సీటు రాడ్డు ఫ్రేమ్‌లో పట్టేసింది, ఎవరు తిప్పినా కదలదు. అది ఆయనకి తెలుసు. కొత్తగా తొక్కేవాళ్లు మొదట సరిచేసుకోవాల్సింది సీటు ఎత్తేనని కూడా తెలుసు. తెలిసి, మొహం మీద చెప్పిన అబద్ధం. నా కోపమంతా ఆ ఒక్క మాట మీదే.

ఫ్రేమూ రాడ్డూ రెండూ అల్యూమినియమే. మధ్యలో గ్రీజు లేకుండా బిగించి, సముద్రం వైపు బాల్కనీలో వదిలేస్తే ఉప్పుగాలి, చెమట, వాననీళ్లు లోపలికి దిగి తెల్లటి ఆక్సైడ్ పేరుకుంటుంది. అది అసలు లోహం కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి రాడ్డుని లోపలే బిగబట్టేస్తుంది. రాడ్డుని బిగించే క్లాంప్ బోల్టు పూర్తిగా విప్పేసినా రాదు. మెకానిక్ పెనెట్రేటింగ్ ఆయిల్ పోసి రాత్రంతా ఉంచి, పొద్దున్న సీటు పట్టుకుని తిప్పాడు. లాభం లేదు. ఇక రాడ్డుని పైన కోసేసి, లోపల మిగిలిన గొట్టాన్ని రంపం బ్లేడుతో నిలువునా చీల్చి తీయాలి. బ్లేడు కాస్త లోతుగా దిగితే ఫ్రేమే పోతుంది.

అలాగే తొక్కేద్దామంటే సీటు అంగుళం పైనే ఎక్కువ ఉంది. పెడల్ అడుగున ఉన్నప్పుడు మడమ దాని మీద ఆనాలి, కాలు నిటారుగా ఉండాలి. బావకి మడమ అందడమే లేదు. అంత ఎత్తులో తొక్కితే తుంటి అటూ ఇటూ ఊగుతుంది, మోకాలి వెనక లాగేస్తుంది.

ఇంకోటి, "కొత్త చైన్ వేశాను" అన్నాడు. దాన్ని వేసింది అరిగిపోయిన క్యాసెట్ (వెనక చక్రానికుండే పళ్ల చక్రాల సెట్) మీద. పాత చైన్ సాగినకొద్దీ పళ్లు కూడా దానికి తగ్గట్టే అరుగుతాయి. వాటి మీద కొత్త చైన్ సరిగా కూర్చోదు. ఆర్కే బీచ్ దగ్గర చదును మీద తిప్పి చూస్తే ఏమీ తెలియదు. కైలాసగిరి ఘాట్ ఎక్కుతూ బలంగా తొక్కితే చైన్ పళ్ల మీంచి దూకి కాలు ఒక్కసారిగా కిందికి జారిపోతుంది. లేచి నిలబడి తొక్కుతుంటే పడిపోవడమే.

ఫోన్ చేస్తే "సీటు కదపాల్సిన అవసరం ఏటండీ మీకు? తొక్కడం రానోళ్లకి రోడ్ బైక్ ఎందుకు?" అని పెట్టేశాడు, నంబర్ బ్లాక్ చేశాడు. రానివాళ్లే కదండీ నేర్చుకోవడానికి కొనేది! ఆ మాట విన్నాక బావ సైకిల్ ఊసే ఎత్తడం లేదు. డబ్బు కంటే నాకు అదే బాధ.

వెళ్లేవాళ్లు అల్లెన్ కీల సెట్ మీరే పట్టుకెళ్లండి. ఆ క్లాంప్ బోల్టుకి మామూలుగా 4 లేదా 5 మి.మీ. కీ సరిపోతుంది. ఉన్న ఎత్తు దగ్గర టేపు చుట్టి, రాడ్డు పూర్తిగా బయటికి లాగి చూడండి. తిరిగి పెట్టేటప్పుడు రాడ్డు మీదుండే మినిమమ్ ఇన్సర్షన్ గీత (కనీసం అంతవరకూ లోపల ఉండాలని చెప్పే గుర్తు) ఫ్రేమ్ లోపలికి వెళ్లాలి. పాత చైన్ అయితే స్కేలు పెట్టండి: ఒక పిన్ను మధ్య నుంచి 24 లింకుల (లోపలివీ బయటివీ విడివిడిగా లెక్కపెట్టి) అవతలి పిన్ను మధ్యకి సరిగ్గా 12 అంగుళాలు ఉండాలి. అంగుళంలో పదహారో వంతు పెరిగితే చైన్ మార్చాలి, ఎనిమిదో వంతు పెరిగితే క్యాసెట్ కూడా పోయినట్టే. చైన్ కొత్తదైతే ఎత్తు మీద ఒక్కో గేరూ మార్చి, సీటు మీద కూర్చునే గట్టిగా తొక్కి చూడండి.

ఇప్పటికే బండి ఉండి సముద్రం దగ్గర ఉంటున్నవాళ్లు ఈ ఆదివారమే రాడ్డు తీసి తుడిచి పల్చగా గ్రీజు రాయండి. ఫ్రేమ్ గానీ రాడ్డు గానీ కార్బన్ అయితే గ్రీజు వద్దు, కార్బన్ పేస్ట్ (కార్బన్ రాడ్డు జారకుండా రాసేది) వాడండి.