గూఢచారి సినిమాకి బరంపురం మేలా, శ్రీకాకుళం మేలా?

"మావయ్యా, హిందీకి ఎల్దుమా, తెలుగుకి ఎల్దుమా?"

గూఢచారి సినిమా ఏది వచ్చినా మా మేనల్లుడు అడిగే మొదటి మాట ఇదే. వాడొక్కడే కాదు, మా వీధిలో సగం మంది అడుగుతారు. ఆంధ్ర సరిహద్దుని ఆనుకుని ఒడిశాలో ఉన్న పర్లాకిమిడిలో ఉండే తెలుగువాళ్లం కాబట్టి మాకు రెండు దారులూ ఉన్నాయి. తెలుగు వెర్షన్ కావాలంటే పాతపట్నం మీదుగా శ్రీకాకుళం వెళ్తాం. హిందీ కావాలంటే బరంపురం బస్సెక్కుతాం. ఎటు వెళ్లినా ఒక రోజు పోతుంది, బస్సు ఛార్జీలకే టికెట్టు కంటే ఎక్కువ అవుతుంది. అందుకే తప్పు దారి పట్టిస్తే నన్నే అంటారు.

టికెట్టు ధర, సీట్లు, సౌండు చూసి నిర్ణయించుకునేవాళ్లు ఉన్నారు. నేను మాత్రం ఒక్కటే చూస్తాను. ఆ కథలో హీరో తన భాష దాచుకుని బతకాలా, అక్కర్లేదా?

ఇది నాకు సినిమాల వల్ల తెలియలేదు, మా నాన్న బట్టల కొట్లో తెలిసింది. మోహన వైపు నుంచి, ఆర్.ఉదయగిరి వైపు నుంచి వచ్చేవాళ్లతో నాన్న ఒడియాలో మాట్లాడతారు. చక్కగా మాట్లాడతారు. మన 'అ' ఉన్నచోట ఒడియావాళ్ల నోట 'ఒ' వినిపిస్తుంది. మనం జగన్నాథ అంటాం, వాళ్లు జొగొన్నాథొ అంటారు. నాన్నకి ఆ 'ఒ' ఎక్కడా తప్పదు. బేరం అయిపోతుంది, గుడ్డ కౌంటరు మీద పరుస్తారు, మీటరు కర్ర పెట్టి కొలవడం మొదలుపెడతారు. అప్పుడు నోట్లోంచి వచ్చేది "ఒకటి, రెండు, మూడు". ఎదుటివాళ్లు నవ్వి "ఆపొణొ తెలుగు కి?" అంటారు, మీరు తెలుగువాళ్లా అని. నలభై ఏళ్లుగా అదే కొట్టు, అదే కర్ర. ఈ రోజుకీ లెక్క దగ్గర నాన్న దొరికిపోతారు.

శత్రువుల ఊళ్లో వేరే పేరుతో బతికే మనిషి కథ చూస్తున్నప్పుడు నా చెవి అక్కడే ఉంటుంది. వీడు ఏ మాట దగ్గర దొరుకుతాడు? తుపాకీ పేలినప్పటి కంటే, ఒక అక్షరం జారుతుందేమో అన్న క్షణంలో నాకు ఎక్కువ భయం వేస్తుంది. డబ్బింగులో ముందుగా పోయేది ఆ భయమే. తెర మీద అందరూ ఒకే తెలుగు మాట్లాడుతుంటే ఎవరు బయటివాడు, ఎవరు లోపలివాడు అన్నది చెవికి తెలియదు.

డబ్బింగు రాసేవాళ్ల కష్టం చిన్నది కాదు, అది ఒప్పుకోవాలి. తెర మీద పెదవులు మూసుకున్న చోట ప, బ, మ లాంటి అక్షరమే పడాలి. హిందీ నటుడు 'మైఁ' అన్నప్పుడు పెదవులు కలుస్తాయి, మనం 'నేను' అంటే కలవవు. 'చలో'కి కలవవు, 'పదండి' అంటే కలిసి తీరాలి. దగ్గరి షాట్లలో రచయిత నోటికొచ్చిన మాట వదిలేసి పెదవికి సరిపోయే మాట వెతుక్కోవాలి. పైగా తెలుగు మాటకి అక్షరాలు ఎక్కువ పడతాయి, ఆ కాస్త సమయంలోనే గొంతు పరిగెత్తాలి. ఇంత కష్టపడ్డాక వచ్చే తెలుగు ఏ ఊరిదీ కాదు. కరాచీ దాదా, ఢిల్లీ అధికారి, మాస్కో ఏజెంటు ముగ్గురూ ఒకే పుస్తకం అప్పజెబుతున్నట్టు ఉంటుంది. జనం మాట్లాడే తెలుగే రాతలోకి రావాలని పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పింది మా ఊళ్లోనే. ఆయన పుట్టినరోజు, ఆగస్టు 29, తెలుగు భాషా దినోత్సవం. ఆ ఊరివాణ్ణి కాబట్టేమో, ఊరు పేరు లేని తెలుగు వింటే నాకు మనసు కుదరదు.

అలాగని శ్రీకాకుళం దారి వద్దని అనను. 2023 జనవరి 25న 'పఠాన్' వచ్చినప్పుడు అమ్మని తెలుగు వెర్షన్‌కే తీసుకెళ్లాను. అమ్మకి హిందీ అంతంతమాత్రం. రైల్లో షారుఖ్, సల్మాన్ కలిసి కొట్టే ఫైటు వచ్చినప్పుడు పక్కన కూర్చున్నామెతో మాట్లాడుతూ, నవ్వుతూ చూసింది. ఆ కథ మాట మీద నడవదు, దెబ్బ మీద నడుస్తుంది. దెబ్బకి భాషేమిటి? అదే సినిమాకి ఆవిడని బరంపురం తీసుకెళ్లి, ప్రతి సీనుకీ చెవిలో అర్థం చెబుతూ కూర్చుంటే ఆవిడకీ సుఖం ఉండేది కాదు, నాకూ ఉండేది కాదు.

ఎక్కువ గొడవ పడింది మాత్రం 'వార్ 2' దగ్గర. 2025 ఆగస్టు 14న, రజనీకాంత్ 'కూలీ' వచ్చిన రోజే విడుదలైంది. ఎన్టీఆర్‌కి అది మొదటి హిందీ సినిమా. తెలుగులోనూ, హిందీలోనూ ఆయన గొంతు ఆయనదే. తెలుగుకి వెళ్తే హృతిక్ గొంతు పోతుంది, హిందీకి వెళ్తే ఇద్దరి గొంతులూ దక్కుతాయి. అందుకని బరంపురం అన్నాను. మా మేనల్లుడు వినలేదు. ఎన్టీఆర్ తెలుగులో మాట్లాడుతుంటే హిందీలో వినడమేమిటన్నాడు. చివరికి వాడి మాటే నెగ్గింది, శ్రీకాకుళం వెళ్లాం. ఎన్టీఆర్ కనబడగానే హాలు హోరెత్తింది. ఆ మొదటి అరగంట చూశాక వాడి మాటే నిజమనిపించింది. ఆ తర్వాత కథ చతికిలబడింది, దానికి భాష ఏం చేస్తుంది? రెండు తెలుగు రాష్ట్రాల్లో కూడా ఆ సినిమా ఆశించినంత ఆడలేదు. ఇంటికొచ్చాక ఓటీటీలో హిందీలో కూడా చూశాను. పెద్ద తేడా కనబడలేదు. అందులో ఇద్దరూ ఎవరో మనకి ముందే తెలుసు, మాట జారి దొరికిపోయే భయం లేదు.

'ధురంధర్' అలా కాదు. 2025 డిసెంబర్ 5న హిందీలో మాత్రమే విడుదలైంది కాబట్టి వెతుక్కునే పని కూడా లేకపోయింది. మూడున్నర గంటల సినిమా. రణ్‌వీర్ సింగ్ పాత్ర కరాచీలోని ల్యారీ వాడలో హంజా అనే పేరుతో బలూచీ ముఠాలోకి దూరుతుంది. ఉర్దూ మాటలు సగం నాకు అర్థం కాలేదు. అయినా అక్కడ ఎవరు ఎలా మాట్లాడుతున్నారో, ఎవరి ముందు హంజా గొంతు మెత్తబడుతోందో చెవికి తెలుస్తూనే ఉంది. ఇలాంటి కథలు మన భాషలోకి వచ్చినా నేను మాతృకకే ఓటేస్తాను. 2018లో వచ్చిన 'రాజీ'కీ నాది ఇదే మాట. 1971 యుద్ధానికి ముందు పాకిస్తానీ సైనికాధికారి ఇంటికి కోడలిగా వెళ్లిన అమ్మాయి కథ అది. అత్తగారింట్లో ఆ పిల్ల మాట్లాడే ప్రతి మర్యాద మాట వెనుకా ప్రాణం ఒణుకుతూ ఉంటుంది. దాన్ని వేరే గొంతుతో వినలేను.

ఇక అచ్చంగా తెలుగులోనే రాసి, తెలుగులోనే తీసిన గూఢచారి సినిమా దొరికితే ఈ చర్చే అక్కర్లేదు. 2018 ఆగస్టు 3న వచ్చిన 'గూఢచారి' అలాంటిదే. కథ అడివి శేష్ రాసుకున్నారు, శశికిరణ్ తిక్క దర్శకత్వం, మాటలు అబ్బూరి రవి. చిన్న బడ్జెట్టు సినిమా. అందులో అధికారులు తెలుగులోనే ఆలోచించి తెలుగులోనే మాట్లాడతారు, ఎక్కడా అరువు తెచ్చినట్టు అనిపించదు. ఈ దారి మనకి కొత్తేం కాదు. 1966లోనే కృష్ణ, జయలలితలతో 'గూఢచారి 116' వచ్చింది. దాన్ని హిందీవాళ్లు డబ్బింగు చేసుకోలేదు. మరుసటి ఏడాది జితేంద్రతో 'ఫర్జ్' పేరుతో మళ్లీ తీసుకున్నారు, దర్శకుడు మన సినిమాలకి కెమెరామన్‌గా పనిచేసిన రవికాంత్ నగాయిచ్. భాష మారితే కథని మళ్లీ మొదటి నుంచి తీయాలన్న మర్యాద నాకు ఇష్టం.

తెలుగులో తీస్తే చాలదు, అది కూడా చెప్పాలి. 2023 ఏప్రిల్ 28న వచ్చిన 'ఏజెంట్'లో అఖిల్ ఉన్నాడు, మమ్ముట్టి ఉన్నారు, డబ్బూ పెట్టారు. పూర్తి స్క్రిప్టు చేతిలో లేకుండా షూటింగుకి వెళ్లామని నిర్మాత అనిల్ సుంకర ఆ తర్వాత బహిరంగంగా ఒప్పుకున్నారు. మాట రాసుకోకుండా తుపాకీ పట్టుకుంటే ఏ భాషైనా కాపాడలేదు. అదే ఏడాది జూన్ 29న వచ్చిన నిఖిల్ 'స్పై' కూడా నన్ను కూర్చోబెట్టలేదు.

ఓటీటీ వచ్చేదాకా ఆగుదామనేవాళ్లకి చెప్పేదేమీ లేదు, ఆగొచ్చు. సబ్‌టైటిళ్లు చదవగలిగితే మాతృక పెట్టుకోండి, అమ్మానాన్నలు పక్కన ఉంటే తెలుగు ఆడియో పెట్టండి.

కాబట్టి ఇప్పుడు ఎవరడిగినా నేను ట్రైలర్ చూపించి ఎదురు ప్రశ్న వేస్తాను: ఇతను ఎవరిలా మాట్లాడి బతకాలి? జవాబు వస్తే బరంపురం, రాకపోతే శ్రీకాకుళం.

'ధురంధర్'కి నాన్నని కూడా తీసుకెళ్లాను. తిరిగి వస్తుంటే బస్సులో చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. హిందీ సరిగ్గా అందలేదేమో, అనవసరంగా తిప్పానేమో అనుకున్నాను. ఊరు దగ్గర పడుతుండగా నా వైపు తిరిగి అడిగారు.

"ఆ కుర్రోడు సినిమా మొత్తంలో ఎక్కడైనా డబ్బులు లెక్కెట్టేడేట్రా?"