ఆప్‌కి రెండు స్టార్లు, అప్రైజల్‌కి సున్నా: అట్లాంటాలో మా రీఫైనాన్స్

పాత ఇంటి అప్పు తీర్చేసి తక్కువ వడ్డీకి కొత్తది తీసుకుందామని (అదే రీఫైనాన్స్) ఒక లెండర్ దగ్గరికి వెళ్ళాం. కంపెనీ పేరు రాయను, ఫిర్యాదు ఇంకా నడుస్తోంది. ఐదుకి రెండు స్టార్లు ఇస్తున్నాను, ఆ రెండూ వాళ్ళ ఆప్‌కే. పేస్టబ్‌లు (జీతం రసీదులు), డబ్ల్యూ-2లు (ఏడాది జీతం, పన్ను చూపే ఫారాలు) ఫోన్లో ఫొటో తీసి పెడితే అరగంటలో అప్లికేషన్ అయిపోయింది. లోన్ ఆఫీసర్ మర్యాదస్తుడే. గ్రీన్ కార్డ్ కాపీ అడిగాడు. అందులో తప్పేం లేదు, ఇమిగ్రేషన్ స్టేటస్ చూసుకోవడానికి చట్టం ఒప్పుకుంటుంది. అసలు గొడవ అప్రైజల్‌తో, అంటే లెండర్ తరఫున ఇంటికి విలువ కట్టడంతో, మొదలైంది.

మాది అట్లాంటా పక్కనే ఉన్న గ్విన్నెట్ కౌంటీ. 2023లో ఏడు శాతం పైన వడ్డీకి కొన్న ఇల్లు, బాకీ 3,40,000 డాలర్లు. అప్రైజర్ వచ్చేసరికి అత్తయ్యగారు దీపారాధన చేస్తున్నారు. ఆయన పూజ గది గుమ్మం దాకా వచ్చి, లోపలికి తొంగిచూసి, "ఈ సబ్‌డివిజన్‌లో మీవాళ్ళు చాలామందే ఉన్నట్టున్నారు" అన్నాడు. నేను కూడా నవ్వి అవునండి అన్నాను. విలువ 4,12,000 అని వచ్చింది. మా వీధిలోనే, అదే బిల్డర్ అదే ప్లాన్‌తో కట్టిన ఇల్లు, బేస్‌మెంట్ పూర్తి చేయనిది, అంతకు మూడు నెలల ముందే 4,58,000కి అమ్ముడైంది. అమ్మినవాళ్ళు తెల్లవాళ్ళు.

క్లోజింగ్‌కి (అప్పు కాగితాల మీద చివరి సంతకాలకి) కనీసం మూడు పనిదినాల ముందు అప్రైజల్ కాపీ మనకి ఇచ్చి తీరాలి. అది చేతికొచ్చాక కూర్చుని చదివాను. పోలికకి తీసుకున్న మూడు ఇళ్ళలో రెండు హైవే అవతలివి, ఎక్కువగా నల్లవాళ్ళు ఉండే కాలనీలోవి. మా వీధి ఇల్లు ఒక్కటీ లేదు. 4,12,000 మీద మా బాకీ 82.5 శాతం. ఎనభై దాటితే పీఎంఐ (మనం అప్పు కట్టకపోతే లెండర్ నష్టపోకుండా మనచేత కట్టించే ఇన్సూరెన్స్) పడుతుంది. అంటే రీఫైనాన్స్ చేసి మిగిలేది ఏమీ లేదు.

మా వీధి అమ్మకాలు జతచేసి, విలువ మళ్ళీ చూడమని పెట్టాను. "మార్పు లేదు" అని రెండు లైన్ల జవాబు. లోన్ ఆఫీసర్‌కి ఫోన్ చేస్తే, "అప్రైజర్ పనిలో మేం వేలు పెట్టకూడదు" అన్నాడు. ఇది సగం నిజం. ఫలానా విలువ వేయమని ఒత్తిడి చేయకూడదు గానీ, ఈ అమ్మకాలు కూడా చూడండి, ఈ తప్పు దిద్దండి అని అడగొచ్చు.

ఇంకో లెండర్ దగ్గరికి వెళ్ళాం. ఈసారి పూజ గదికి కర్టెన్ వేసేయమని, గోడమీది ఫొటోలు తీసేయమని మా ఆడపడుచు సలహా. అత్తయ్యగారు ఒప్పుకోలేదు. "దేవుణ్ణి దాచిపెట్టి తెచ్చుకునే అప్పు మనకెందుకమ్మా?" అన్నారు. దీపం అలాగే ఉంది. విలువ 4,55,000 వచ్చింది, అంటే బాకీ 75 శాతం లోపే. పీఎంఐ లేదు.

మొదటాయన మనసులో ఏముందో నేను చెప్పలేను. కానీ ఒక మాట ఒప్పుకోవాలి. రిపోర్ట్ చూడగానే నాకొచ్చిన కోపం, "మన ఇంటిని వాళ్ళ ఇళ్ళతో పోలుస్తాడా" అని. మా తెలుగు గ్రూప్‌లో కూడా అందరూ అదే అన్నారు. హైవే అవతల ఇళ్ళు ఎందుకు చవకో ఎవరూ అడగలేదు. 1930ల్లో ప్రభుత్వ సంస్థే అట్లాంటా మ్యాప్ మీద నల్లవాళ్ళ పేటలకి, అక్కడ అప్పివ్వడం ప్రమాదమన్నట్టు, ఎర్ర రంగు పూసింది. 1968లో ఫెయిర్ హౌసింగ్ చట్టం వచ్చింది. ఆ తర్వాత ఇరవై ఏళ్ళకి, 1988లో, ఆదాయాలు ఒకటే అయినా తెల్లవాళ్ళ పేటలకే బ్యాంకులు ఎక్కువ అప్పులిస్తున్నాయని ఇక్కడి పత్రికే లెక్కలతో బయటపెట్టింది. మాకు తగిలింది దాని తోక మాత్రమే.

ఇళ్ళ విషయంలో వివక్ష ఫిర్యాదులు చూసే ఫెడరల్ శాఖ హడ్‌. దానికి ఫిర్యాదు ఏడాది లోపు పెట్టాలి, మేం నాలుగో నెలలో పెట్టాం. మొదటి అప్రైజల్‌కి కట్టిన 650 డాలర్లు తిరిగి రాలేదు. మీరు ఎవరి దగ్గర అప్పు తీసుకున్నా, పోలికకి తీసుకున్న ఇళ్ళ అడ్రసులు మ్యాప్‌లో పెట్టి చూసుకోండి. మధ్యలో హైవే అడ్డొస్తే ఎందుకని రాతపూర్వకంగా అడగండి, ఫోన్లో వద్దు.