పాత ఫోటోలో విక్రాంత్ విమానం: రాత, నంబరు, ఆకారం... ఏది నమ్మాలి?

"మా తాతగారు నేవీ పాత విమానవాహక నౌక విక్రాంత్ మీద పనిచేశారు. ఆయన వెనకున్న విమానం ఏదండీ?" అని ఫోటోలు పంపేవాళ్లు, ముఖ్యంగా వైజాగ్ వాళ్లు, ఈమధ్య బాగా పెరిగారు. ఫోటో వెనక రాతను నమ్మాలా, విమానం నంబరు వెతకాలా, ఆకారం చూడాలా అన్నదే అందరి ప్రశ్న.

రాత వల్ల కాలం తెలుస్తుంది, అంతవరకే. 1971 డిసెంబర్ 4న విక్రాంత్ నుంచి లేచి అప్పటి తూర్పు పాకిస్తాన్‌లోని కాక్స్ బజార్, చిట్టగాంగ్‌ల మీద దాడి చేసినవి సీ హాక్ జెట్‌లు. ఆ యుద్ధంలో ఫ్రెంచి ప్రొపెల్లర్ విమానాలైన అలిజేలు కూడా అదే డెక్ మీద ఉన్నాయి. కాబట్టి "విక్రాంత్, 1971" అని రాసి ఉంటే, 1983లో వచ్చిన సీ హారియర్ జెట్ కాదని మాత్రమే తేలుతుంది.

నంబరు స్పష్టంగా కనిపిస్తే వాదనే లేదు. కానీ అది ఉండేది విమానం ఒంటి మీద. ఫోటోలో సరిగ్గా అక్కడే మనిషి నిలబడి ఉంటాడు!

నా ఓటు ఆకారానికే. అందులోనూ ముందుగా రెక్కల కింద చూడండి, మనుషులు అడ్డొచ్చినా ఆ భాగం ఎంతో కొంత కనబడుతుంది. రెక్క కింద ఇటొకటి అటొకటి పొడవాటి సొరకాయల్లాంటి తొడుగులు వేలాడుతూ, చక్రాల కాళ్లు వాటిలోంచే దిగి ఉంటే అది అలిజే. ముక్కు దగ్గర ప్రొపెల్లర్ కూడా కనబడితే ఇక సందేహమే లేదు. ప్రొపెల్లర్, తొడుగులు లేకుండా, గాలి పీల్చే నోరూ పొగ వదిలే గొట్టమూ రెక్క మొదట్లోనే ముందూ వెనకా ఉంటే సీ హాక్. దాని తోక చివర గొట్టం ఉండదు. సీ హారియర్‌కు పెద్ద చక్రాలు పొట్ట కింద ఒకే వరుసలో ఉంటాయి, రెక్కల చివర్ల సన్న కాళ్లు మాత్రమే దిగుతాయి. రెక్కలు పైకి మడిచి ఉంటే అది హారియర్ కానే కాదు, దాని రెక్కలు మడతపడవు.

తోక రెండు బొంగులుగా చీలి ఉంటే వాంపైర్ ట్రైనర్ (శిక్షణ జెట్), నేల మీది బేస్‌లో తీసిన ఫోటో. చేతక్ హెలికాప్టర్‌ను ఎవరైనా గుర్తుపడతారు.

ఇంకా తేలకపోతే ఫోటోను 1200 డీపీఐలో స్కాన్ చేసి, రెక్క కింద నీడల్ని కాస్త తెల్లబరిచి చూడండి. గోవా వెళ్లేవాళ్లు బోగ్మాలో దగ్గరి నేవల్ ఏవియేషన్ మ్యూజియానికి ఆ ఫోటో పట్టుకెళ్లండి. సీ హాక్, అలిజే, సీ హారియర్ మూడూ అక్కడ ఆరుబయటే ఉన్నాయి.