పెట్టె, గొయ్యి, రాయి: నరసాపురం వైపు ఒక భూస్థాపన సామగ్రి షాపు ఎలా ఉంది

నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల క్రైస్తవ ఇళ్లలో ఎవరైనా ప్రభువునందు నిద్రిస్తే మొదటి ఫోను అయ్యగారికి (సంఘ పాస్టరుకు), రెండోది శవపేటికలు చేసే పెట్టెల షాపుకి వెళ్తుంది. అలాంటి షాపుల్లో ఒకదాని గురించి ఈ సమీక్ష. పేరు రాయడం లేదు. పెట్టె, ఫ్రీజర్ బాక్సు, బండి, గొయ్యి తవ్వే మనుషులు, పూలు, ఫ్లెక్సీ, తర్వాత సమాధి రాయి వరకు అన్నీ ఒక్కచోటే కుదురుస్తారు. పెట్టె, గొయ్యి విషయంలో కళ్లు మూసుకుని ఒప్పజెప్పవచ్చు. రాయి మాత్రం పక్కన నిలబడి చేయించుకోవాల్సిందే.

పెట్టెలు నిద్రగన్నేరు చెక్కతో, మామిడి చెక్కతో, టేకుతో చేస్తారు. మన నేలలో టేకు దండగ. క్షయమైనదిగా విత్తబడి అక్షయమైనదిగా లేపబడునని పౌలు కొరింథీయులకు రాసిన మాట నమ్మేవాళ్లకు చెక్క ఎన్నేళ్లు నిలుస్తుందన్న బెంగ ఉండక్కర్లేదు. షాపువాళ్లు కూడా టేకు కొనమని బలవంతపెట్టరు, అది మెచ్చుకోవాలి. చూసుకోవాల్సింది అడుగు. పలక ముప్పావు అంగుళం మందం ఉండాలి, దాని కింద మూడు అడ్డపట్టీలు స్క్రూలతో బిగించి ఉండాలి. అడుగు పలకను కింది నుంచి మేకులతో కొట్టి వదిలేస్తే ఎత్తగానే బరువుకు మేకులు ఊడొస్తాయి. ఈ షాపులో పట్టీలు వేస్తారు. పక్కన మెరిసే పిడులు మాత్రం ఎక్కడైనా అలంకారానికే, వాటిని పట్టుకుని ఎత్తకూడదు. చేతులు అడుక్కి వెళ్లాలి, తాళ్లు పట్టీల పక్కనుంచి రావాలి.

వీళ్ల అసలు పనితనం గొయ్యి దగ్గర తెలుస్తుంది. సార్వా (వానాకాలపు వరి) రోజుల్లో కాలువలు పారుతూ చేలు నిండి ఉంటే చాలా ఊళ్లలో మూడడుగులకే ఊట వస్తుంది. కాలువలు కట్టేసిన వేసవిలో అదే సమాధుల తోటలో నాలుగైదడుగులు తవ్వినా పెద్ద ఇబ్బంది ఉండదు. ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు పెట్టెకు అడుగు పన్నెండు చదరపు అడుగులు. పెట్టె, మనిషి కలిపి 100 కిలోలు అనుకుంటే గోతిలో మూడున్నర అంగుళాల నీరు చేరితే చాలు, పెట్టె తేలుతుంది. కుటుంబం కళ్లముందు పెట్టె పైకి లేచి అటూ ఇటూ ఊగితే, అప్పటిదాకా అయ్యగారు చెప్పిన ఆదరణ మాటలన్నీ ఆ నీళ్లలో కలుస్తాయి. తర్వాత ఎవరో దాన్ని కర్రలతో నొక్కిపెడతారు. ఆ దృశ్యం ఇంటివాళ్లను ఏళ్ల తరబడి వదలదు.

ఈ షాపు మనుషులు దీనికి చేసే పని పద్ధతిగా ఉంటుంది. గొయ్యి ముందురోజే తవ్వి ఉంచరు, భూస్థాపనకు నాలుగు గంటల ముందు మొదలుపెడతారు. కాళ్ల వైపు మూలలో ఇంకో అడుగు లోతుగా ఊటగుంట తీస్తారు. నీరంతా అందులోకి చేరుతుంది, చిన్న ఆయిల్ ఇంజనుతోనో బకెట్లతోనో అక్కణ్నుంచే తోడతారు. అడుగున అరడుగు పొడి ఇసుక పరుస్తారు. వానాకాలంలో పెట్టె అడుగుకు చిల్లులు వేయమంటే వేస్తారు. నీరు లోపలికి వస్తే తేలదు కాబట్టి ఇది అవసరం. ఇంటివాళ్లు చూడకముందే వేయించాలి. పెట్టె దిగాక తాళ్లు వెంటనే లాగేయరు. తల వైపు, కాళ్ల వైపు మట్టి వేసి పెట్టె కదలదని తేలాకే తీస్తారు. ప్రార్థన కంటే ముందే తాళ్లు లాగేసి తొందరపెట్టే జట్లు చాలా ఉన్నాయి, వీళ్లు ఆ పని చేయరు.

పేరుపాలెం, అంతర్వేది వైపు ఇసుక నేలలో సమస్య వేరు. అక్కడ పక్కలు జారిపోతాయి. పైన ఒక అడుగు అదనపు వెడల్పుతో వాలుగా తవ్వాలి, లేదా వెదురు తడికలు ఆనించాలి. అంచున జనం గుమిగూడకుండా చూడాల్సింది సంఘ పెద్దలే.

కొలత ముందే చెప్పండి. ఇక్కడి పెట్టెకు ఏడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు గొయ్యి సరిపోతుంది. కువైట్, దుబాయ్, మస్కట్ నుంచి వచ్చే పెట్టెలు పెద్దవి, బరువైనవి, చాలావాటికి లోపల రేకు ఉంటుంది. అక్కణ్నుంచి బయలుదేరే ముందే పొడవు, వెడల్పు, ఎత్తు ఫోనులో తెప్పించుకుని తవ్వేవాళ్లకు ఇవ్వాలి. జనం వచ్చాక గొయ్యి వెడల్పు చేయడం కంటే ఘోరం లేదు. తల పడమరకు, కాళ్లు తూర్పుకు పెట్టే ఆచారం వీళ్లకు తెలుసు. ప్రభువు రాకడ తూర్పున పుట్టే మెరుపులా ఉంటుందన్న మత్తయి 24:27 మాటను బట్టి వచ్చిన ఆచారమిది. తోటలో వరుసలు వేరే దిక్కుకు ఉంటే పట్టుబట్టకండి, లేపేవాడికి దిక్కు అడ్డం కాదు.

ఫ్రీజర్ బాక్సు బాగానే పనిచేస్తుంది. కరెంటు పోతే మీ తిప్పలు మీవే, జనరేటరు విడిగా మాట్లాడుకోవాలి. బయటికి తీశాక చెమ్మ పడుతుంది, పెట్టెలోకి మార్చే ముందు పొడి గుడ్డతో అద్ది దూది వేయాలి. బండి శుభ్రం. సఖినేటిపల్లి రేవు దగ్గర గోదావరి దాటాలంటే పంటు (బండ్లను దాటించే పడవ) వేళలు ముందే కనుక్కోండి, లేకపోతే చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరగాలి. బండిలో పాటలు చెవులు పగిలేలా పెడతారు. తగ్గించమంటే తగ్గిస్తారు, కానీ ప్రతిసారీ చెప్పాల్సి వస్తుంది. పూలు కడియపులంక నుంచి తెప్పిస్తారు, తాజాగా ఉంటాయి.

ఫ్లెక్సీల దగ్గర కొంచెం అసంతృప్తి. అందరికీ పెట్టే దీపం, తామరపువ్వు నమూనాలోనే సిలువ అతికించి ఇస్తారు. వాక్యం అడగకపోతే 1 థెస్సలొనీకయులకు 4:13 వేసేస్తారు, అదీ సగమే: దుఃఖపడకుడి అన్నట్టు కత్తిరించి. అసలు వాక్యంలో ఉన్నది ‘నిరీక్షణలేని ఇతరులవలె’ దుఃఖపడవద్దని. ఏడవొద్దని పౌలు అనలేదు. చనిపోయిన లాజరును లేపబోతున్నానని తెలిసీ యేసు ఆ సమాధికి వెళ్లే ముందు కన్నీళ్లు విడిచాడు. భర్త పోయిన మనిషి ఎదురుగా సగం వాక్యం కట్టడం ఆమెను గద్దించినట్టే. పూర్తిగా వేయించండి, లేదా యోహాను 11:25 వేయించండి.

భూస్థాపన క్రమం కార్డులు కూడా అచ్చువేసి ఇస్తారు. అందులో ఉన్నది ఒక్క రకమే, లూథరన్, సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం) సంఘాలకు దాదాపు సరిపోతుంది. 1836లో వచ్చిన మిషనరీలు బౌడెన్, బీర్ దొరల కాలం నుంచి ఈ వైపు ఉన్న బ్రదరెన్ సంఘాల్లో అచ్చు క్రమం వాడరు, వాళ్లకు ఆ కార్డు పనికిరాదు. కార్డులో 1 కొరింథీయులకు 15వ అధ్యాయం మొత్తం పెట్టారు. 58 వచనాలు, ఎండలో, గొయ్యి పక్కన! 20 నుంచి 26 వరకు, లేదా 35 నుంచి 44 వరకు చాలు. రెండో భాగంలో ‘నీవు విత్తునది చచ్చితేనే గాని బ్రదికింపబడదు’ అనే మాట ఉంది, నారుమడి పోసే ఊళ్లో దానికి వ్యాఖ్యానం అక్కర్లేదు. మిగిలిన సమయం ఇంటివాళ్లకు వదలాలి, పిడికెడు మట్టి వేసి కాసేపు నిలబడనివ్వాలి.

ఇక రాయి. పెట్టె అప్పజెప్పిన రోజే రాయి ఆర్డరు అడుగుతారు, ఇవ్వకండి. తవ్వి పూడ్చిన నేల కనీసం ఒక వానాకాలం గడిస్తేనే కుదుటపడుతుంది. నల్లరేగడిలో అంతకుముందే కడితే మధ్య కుంగి పలక పగులుతుంది, తల రాయి ఒరుగుతుంది. వచ్చే ఏడాది వేసవిలో కట్టించండి. పునాది గొయ్యి అంచులకు అవతల, కదలని నేల మీద ఆనాలి, కనీసం తొమ్మిదంగుళాలు బయటికి. ఈ షాపు మేస్త్రీ అడిగితేనే అలా కడతాడు, లేకపోతే పూడ్చిన మట్టి మీదే నాలుగంగుళాల కాంక్రీటు పోసి ఊరుకుంటాడు. సముద్రం దగ్గరి ఊళ్లలో ఇటుక ఉప్పు పేలుతుంది, కింది మూడు వరుసలు సిమెంటు దిమ్మెలతో వేయించండి.

నల్ల గ్రానైటు మీద అక్షరాలు లోతుగా చెక్కించాలి. పైపైన గీసి తెల్ల రంగు నింపితే రంగు ఎండకు లేచిపోయి పేరు కనబడదు. పాలరాయి పసుపుపచ్చగా మారుతుంది. చెక్కే ముందు కాగితం మీద ప్రింటు తీసి అసలు సైజులో చూపించమనండి. పాత ‘అను’ ఫాంట్ల (డీటీపీ షాపుల్లో వాడే తెలుగు అక్షరాల) నుంచి యూనికోడ్‌లోకి మార్చినప్పుడు ఒత్తులు చెదురుతాయి, ‘పునరుత్థానము’లో థ వత్తు పోయేది అక్కడే. వచనాల సంఖ్యలు బైబిలు తెరిచి సరిచూడండి, యోహాను సువార్తను 1 యోహానుగా చెక్కిన రాళ్లు తోటల్లో కనిపిస్తాయి. పుట్టిన తేదీ ఆధార్ కార్డు చూసి రాయించడం కంటే సంఘం రిజిస్టరు చూసి రాయించడం మేలు.

ఈస్టరుకు ముందు సున్నం వేసే పని కూడా ఒప్పుకుంటారు, అది చవకగా, శుభ్రంగా చేస్తారు. మట్టలాదివారానికి ముందే చెప్పాలి, ఆ తర్వాత మనుషులు దొరకరు. ఈస్టరు తెల్లవారుజామున కొవ్వొత్తులు పలక మీద నేరుగా నిలబెట్టకుండా ఇసుక పోసిన మట్టి ప్రమిదల్లో పెట్టించండి, గ్రానైటు మీద కారిన మైనం మరక ఒక పట్టాన పోదు. కారితే కత్తితో గీకకుండా ప్లాస్టిక్ ముక్కతో తీసి వేడినీళ్ల గుడ్డతో తుడవాలి.

బిల్లు విడివిడిగా రాసివ్వమని అడగండి. మొత్తం ప్యాకేజీ అన్నప్పుడు గొయ్యి పూడ్చే కూలి, ఇంజను డీజిలు అందులో ఉన్నాయో లేదో వాళ్లు చెప్పరు, తోట గేటు దగ్గర గొడవ వచ్చేది ఆ రెండింటి మీదే.