డైమండ్ ప్లేట్ కొనేవాళ్లు ముందు బిల్లు మీద ఏం రాశాడో చూడండి

అమ్మినాయన పేరు రాయను. ఉలులకూ చాకులకూ ఇంట్లోనే పదును పెట్టుకునేవాళ్లలో చాలామందికి ఆయన వీడియోలు తెలిసే ఉంటాయి. పదును పెట్టడానికి రెండు వైపులా వాడుకునే డైమండ్ ప్లేటు, ఒకవైపు 400 (గరుకు), రెండోవైపు 1000 (నునుపు), 2,400 రూపాయలు. గాజు సీసా మీద బర్రున గీకి "చూశారా వజ్రం పవర్" అంటాడే, ఆయనే. అది చూసి నేనూ మురిసిపోయాను. గాజు మీద గీత పడటానికి వజ్రమే అక్కర్లేదు, హార్డ్‌వేర్ షాపులో దొరికే ఎమరీ పేపర్ కూడా గీస్తుందన్న ఇంగితం డబ్బు కట్టాక వచ్చింది.

వంటింటి చాకుల వరకు బాగానే నడిచింది. ఉలి దగ్గరికి వచ్చేసరికి నీళ్లలో బూడిద రంగు పొట్టు లేచి రావడం మొదలైంది. ఉలి రజను అనుకున్నా, వేళ్ల మధ్య నలిపి చూస్తే రేకులు రేకులుగా ఉంది. అది ప్లేటు పూత. డైమండ్ ప్లేటంటే ఉక్కు పలక మీద వజ్రపు పొడిని నికెల్ పూతతో పట్టించి ఉంచడమే, ఉండేది ఒక్క పొర. మామూలు సానరాయి అరిగేకొద్దీ కింద నుంచి కొత్త రాయి బయటికొస్తుంది. దీనికి పూత ఊడిందంటే మిగిలేది వట్టి రేకు.

అనుమానమొచ్చి ఉలి వెనక వైపు నీలి మార్కర్ పూసి రుద్దాను. మొన దగ్గర, అటు చివర రంగు పోయింది, మధ్యలో అలాగే ఉంది. స్టీలు స్కేలు నిలబెట్టి చూస్తే మధ్యలోంచి వెలుతురు! పలకే గుంటగా ఉంది. దీని మీద ఎంత రుద్దితే ఉలి అంత పాడవుతుంది.

ఫోన్ చేస్తే పాఠం చెప్పాడు, "కొత్తది మొదట గరుకుగా ఉండి తర్వాత నునుపు తేలుతుంది సార్" అని. అందులో నిజం లేకపోలేదు, మంచి ప్లేటు కూడా మొదట్లో కాస్త మొరటుగానే కోస్తుంది. కానీ నునుపు తేలడం వేరు, పొట్టు లేవడం వేరు కదా! వీడియో పంపాక మాత్రం "పంపించేయండి సార్, కొత్తది ఇస్తాం" అన్నాడు. ఎంత మర్యాదో.

కొత్తది వచ్చింది. కొత్త డబ్బా, కొత్త కవరు, లోపల నా ప్లేటే. మార్కర్ పరీక్ష చేసినప్పుడు మూల మీద నీలి రంగు అంటుకుంది. థిన్నర్ పెట్టి తుడిచినట్టున్నారు, పైన పోయింది కానీ పలకకూ కింది ప్లాస్టిక్ దిమ్మకూ మధ్య సందులోకి దిగిన నీలం ఎక్కడికి పోతుంది? పూత ఊడిన చోట పాలిష్ లాంటిదేదో పూశారు కూడా. వేలితో రాస్తే చేతికి వచ్చేసింది.

మళ్లీ ఫోన్ చేశాను. "ఆ మరక మీరే పెట్టి ఉండొచ్చు కదా సార్" అన్నాడు. నేనే పెట్టానయ్యా, అదే కదా చెబుతున్నది! అప్పుడు అన్నాడు: "రెండు వేల నాలుగొందలకు వజ్రాలు కావాలంటే ఎట్లా సార్? నగల షాపుకెళ్లండి." వెనకాల ఎవరో కిసుక్కున నవ్వారు. స్పీకర్‌లో పెట్టి మాట్లాడుతున్నాడన్నమాట. ఒళ్లు మండిపోయింది. ఇందులో వాడేది నగల వజ్రం కాదు, ఫ్యాక్టరీలో తయారయ్యే వజ్రపు పొడి, అందుకే ఆ ధరకు నిజమైన ప్లేట్లు దొరుకుతాయి. ఆ సంగతి ఆయనకు నాకన్నా బాగా తెలుసు. "బిల్లు చూసుకోండి, డైమండ్ అని రాశామా?" అని పెట్టేశాడు, నంబరు బ్లాక్ చేశాడు.

బిల్లు తీసి చూస్తే "షార్పెనింగ్ ప్లేట్ – 1". అంతే. వీడియోలో వజ్రం, డబ్బా మీద వజ్రం, బిల్లులో మాత్రం లేదు. ఎంత చదువుకున్నా బిల్లు చదవం మనం. నేను కొన్న షాపింగ్ యాప్‌వాళ్లేమో "రీప్లేస్‌మెంట్ డెలివర్ అయింది" అని కంప్లయింట్ మూసేశారు.

కొనేవాళ్లు ఉంటే, బిల్లులో డైమండ్ అన్న మాట రాయించుకోండి. 400, 1000 అని ఊరికే అంకెలు కాకుండా వజ్రపు రేణువు సైజు ఎన్ని మైక్రాన్లో (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) అడగండి. పేరున్న కంపెనీలు 325కు 45, 600కు 25, 1200కు 9 మైక్రాన్లని రాస్తాయి. రాగానే స్కేలు పెట్టి చూసి, గోడకు రంధ్రాలు వేసే డ్రిల్ బిట్ కార్బైడ్ మొనను ఓ మూల రుద్దండి. వజ్రమైతే మొన మీద గీతలు తేలిగ్గా పడతాయి, కాకపోతే చాలావరకు జారుతుంది. డబ్బా విప్పేటప్పుడు వీడియో తీయండి, తిరిగి పంపేటప్పుడు ఏదో ఒక గుర్తు పెట్టి పంపండి.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు ఇచ్చాను. 2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం కంపెనీలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ అధికారి ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలో తేల్చాలి. అందుకని యాప్‌వాళ్ల గ్రీవెన్స్ అధికారికి కూడా మెయిల్ పెట్టాను, ఆ మూల ఫోటోతో సహా. ఈలోగా గాజు పలక మీద వాటర్ పేపర్ (నీళ్లతో వాడే గరుకు కాగితం) అతికించి ఉలి వెనక భాగాన్ని సరిచేసుకుంటున్నా, షీటు ఇరవై రూపాయలు.